వానకు ముందే ఎదురెక్కిన కొరమీనులు

విజయవాడ బెంజ్ సర్కిల్ దాటాక రోడ్డు పక్కన నీలం డ్రమ్ము పెట్టుకుని కూర్చునే రూతు చచ్చిన చేపను అమ్మదు. కొరమీను డ్రమ్ములో తోక కొట్టాలి, కొన్నవాళ్ల సంచిలోనూ కొట్టాలి. పామర్రు అవతల పొలాల మురుగునీరు పోయే కాలువలో మొగుడు సొలొమోను పడతాడు, ఆమె ఆటోలో తెచ్చి అమ్ముతుంది. పెళ్లయిన నాటి నుంచీ వాళ్లింట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ కాలువ వల్లే.

వాళ్ల పేటలో ఒక కట్టుబాటు ఉంది. తొలి వానకు గుడ్లతో ఉన్న చేపలు ప్రవాహానికి ఎదురెక్కి పొలాల్లోకి పోతాయి. ఆ రోజు ఎవరూ వల ముట్టరు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వుకున్న పెద్దమనుషులకు లేని ఇంగితం ఆ పేటకుంది.

ఈ ఏడు వేసవి ముదిరినా పైన బ్యారేజీ నుంచి నీళ్లు వదల్లేదు. ఒక పొద్దున మబ్బు పట్టింది. పొలాల నీళ్లు కాలువలోకి దిగే తూము దగ్గర చేపలు ఒకదాని మీదొకటి పడి పైకి వస్తున్నాయి.

"ఎదురెక్కుతున్నాయే. ఇయ్యాల ముట్టుకోకూడదు" అన్నాడు సొలొమోను.

"చినుకు పడకుండా ఎదురెక్కడమేంటయ్యా? వానొస్తే కదా కట్టుబాటు. నువ్వొదిలేస్తే ఇంకోళ్లు పట్టుకుపోతారు. వల తియ్యి" అంది రూతు.

అతను నసిగాడు గానీ ఆ ఇంట్లో చెల్లేది ఆమె మాటే. అతన్ని చూసి పేటంతా వలలు వేసింది. గుడ్లతో పొట్టలుబ్బిన కొరమీనులన్నీ విజయవాడలో అమ్ముడుపోయాయి. చాన్నాళ్ల తర్వాత రూతు నవ్వుతూ ఇల్లు చేరింది.

మర్నాడు బట్టలుతకడానికి తూము దిగువకు వెళితే సబ్బు నురగ రాలేదు. ఒడ్డున నత్తలు కుళ్లి కంపు కొడుతున్నాయి, పరిగె చేపలు చచ్చి తెల్లగా తేలాయి. నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఉప్పు. మంచినీటి పారుదల లేక సముద్రపు పోటు అంతదాకా ఎగదన్నింది, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు దానికి తోడయ్యాయి. నిన్న చేపలు వచ్చింది ప్రాణాలు దక్కించుకోవడానికని ఆమెకు అర్థమైంది.

"కిందున్నయ్యి చచ్చిపోయినయ్యి, పైకొచ్చినయ్యి మనం అమ్మేశాం" అని మొగుడి దగ్గర ఏడ్చింది.

"ఎక్కడో నాలుగు మిగిలుంటాయిలేవే. వానకొస్తాయి" అన్నాడు.

వాన వచ్చింది. పొలాల నీళ్లు తూములోంచి ఉరికాయి. పేటంతా వలలు ఇళ్లలో వదిలి, గట్టు మీద తడుస్తూ నిలబడింది. చీకటి పడేదాకా చూశారు. ఒక్క చేపా ఎక్కలేదు.

మర్నాడు వల వేయొచ్చు. తెల్లవారినా సొలొమోను మంచం దిగలేదు. రూతు అతన్ని లేపలేదు.