రెండు మూతల మందు

చంద్రమౌళి రిటైరైన వ్యవసాయాధికారి. హన్మకొండలో ఆయన ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీ తన వినియోగదారులు నెట్‌లో రాసుకుని చదువుకునేందుకు ఒక న్యూస్‌గ్రూపు నడుపుతోంది. పత్తి రైతులు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు రాసి ఆయన నెలకోసారి అందులో పెడతాడు. పురుగుమందుల దుకాణాల వాళ్లు ఎవరికి వాళ్లు దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించుకుంటారు. పదకొండేళ్లలో ఒక్క తప్పూ దొర్లలేదని ఆయనకు మహా గర్వం. ఉండదా మరి!

మన రైతులు కొలతగ్లాసు ముట్టరు, సీసా మూతతోనే కొలుస్తారు. అందుకే ఆయన కూడా "ట్యాంకుకు రెండు మూతలు" అనే రాసేవాడు. సోమవారం పొద్దున కొత్త సీసా చేతిలోకి తీసుకోగానే ఆయనకు తేడా తెలిసింది. మందు కంపెనీ మూత మార్చేసింది. కొత్త మూతలో పాతదానికి రెట్టింపు పడుతుంది. ఆయన జవాబులు గ్రూపులో పెట్టి అప్పటికే మూడు రోజులు. చేలల్లో మందు కొట్టే రోజులు కూడా ఇవే.

వెంటనే దిద్ది మళ్లీ పెట్టాడు. నిమిషంలో మాయమైంది. ఇంకోసారి పెట్టాడు. ఈసారి ఖాతానే ఆపేశారు. ఫోన్ చేస్తే నెట్ కంపెనీలో పనిచేసే పర్వీన్ ఎత్తింది.

"ఒకటే పోస్టు నెలల రెండుసార్లు పెడితే స్పామ్ కిందికి పోతది అంకుల్. కొత్త పాలసీ. నెల తిరగాలె."

"అప్పటిదాంక రైతులు ఏం గావాలె? పాతదన్న తీసెయ్యి బిడ్డా, జర!"

"అది రూల్ ప్రకారమే ఉన్నది కదా అంకుల్."

తప్పు కాగితం రూల్ ప్రకారం ఉందట, ఒప్పుది స్పామట. ఏం తెలివో! ఆయన కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. కాగితం అంటించే దుకాణాల్లో ఆయనకు తెలిసింది ఒక్కటే, నర్సంపేటలో సదానందంది. అతను ఫోనెత్తడం లేదు. చెప్పులు వేసుకుని బస్సెక్కాడు. దారిలో ఏ పత్తిచేనులో మనిషి వీపున ట్యాంకు కనబడినా ఆయన సీట్లోంచి లేచి చూశాడు.

విషయం వినగానే సదానందం గోడ మీది కాగితం పర్రున చింపేశాడు. "పొద్దుగాలనే సమ్మమ్మ కొత్త సీసా కొనుక్కపోయింది సార్. ఊరవతలనే వాళ్ల చేను, జల్ది పోదాం పట్టు."

వాళ్లు వెళ్లేసరికి సమ్మమ్మ ట్యాంకు ముందు కూర్చుని రెండో మూత నింపుతోంది.

"ఆగమ్మా! ఒక్కటే పొయ్యాలె!" గట్టు మీది నుంచే అరిచాడు చంద్రమౌళి.

"కాయితంల రెండని ఉన్నది. అది రాసిన సారు ఎన్నడు తప్పు చెప్పలే. నడుమ నువ్వెవరు?"

ఆయనకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఆ సారును నేనేనమ్మా. తప్పు రాసిన."

సమ్మమ్మ మూతలోని మందు సీసాలోకి వంపేసింది. ఆయన ముఖంలోకి చూసింది. కోప్పడలేదు.

"గీ కాయితం ఇంకా ఎన్ని ఊర్లల్ల ఉన్నది సారూ?"

చంద్రమౌళికి తెలియదు.