ఎలుకకు మందు

మొన్న ఆదివారం కొత్తపేట రైతుబజారులో నిమ్మకాయలమ్మే ఆమె కూర్చున్న చెక్కపెట్టె వానకు తడిసి వాసనేస్తుంటే, బేరం మధ్యలో ఆపేసి అక్కడే నిలబడిపోయాను. పాత ఆపిల్ పెట్టె అది. ఇప్పుడు ఆపిల్ పండ్లన్నీ అట్టపెట్టెల్లో వస్తున్నాయి కాబట్టి అలాంటిది కంటబడి చాలా ఏళ్లయింది. తడిచెక్క, ఎండుగడ్డి, మగ్గిన పండు కలిసిన ఆ వాసనకు కాస్త వాము వాసన తోడైతే చాలు, మా నాయనమ్మ పక్కన గొంతుకూర్చుని ఎలుకల ఇల్లు ఊడుస్తున్నట్టే ఉంటుంది నాకు.

అప్పట్లో మా నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, మార్కెట్ వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. కింద మేము, పైన ఇంటి ఓనరాంటీ, ఆమెది తెనాలి. ఎండాకాలమొస్తే గల్లీ అంతా మామిడిపండ్ల వాసన, ఈగలు; వానాకాలంలో బత్తాయి తొక్కలు తేలుతూ పోయే నీళ్లు; చలికాలం పొద్దున హమాలీలు పెట్టెల్లోని గడ్డి తగలబెట్టి చేతులు కాచుకుంటుంటే ఆ పొగ మా వంటింటిదాకా వచ్చేది. నాకు ఎనిమిదేళ్లు నిండిన రోజు నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రంగు చేపలమ్మే దుకాణం నుంచి రెండు తెల్ల ఎలుకల్ని బిస్కెట్ డబ్బాలో పెట్టుకొచ్చాడు. ఒకదానికి గవ్వ అని, ఇంకోదానికి అటుకు అని పేర్లు పెట్టాను.

నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఊళ్లె ఎలుకలు గింజలు తింటున్నయని ఏడిస్తిమి, ఈడ పిలిచి పెడుతున్నం" అంది. తీరా చూస్తే వాటికి ఇల్లు కట్టింది ఆమే. ఆపిల్ పెట్టెను అడ్డంగా పడుకోబెట్టి, ముందువైపు సన్నజాలీ బిగించి, తెగిన చెప్పుల రబ్బరు ముక్కలే మడతబందులుగా కొట్టి తలుపు చేసింది. లోపల ఒక చెక్క అడ్డంగా పెట్టి మేడ, మేడెక్కడానికి ఐస్‌క్రీం పుల్లల నిచ్చెన, నాన్న చిరిగిన బనీనుకు నాలుగు మూలలా తాళ్లు కట్టి ఊయల, దాక్కోవడానికి కొబ్బరిచిప్ప, కింద పరచడానికి వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన రంపపు పొట్టు. నేను దాన్ని బోను అంటే ఒప్పుకునేది కాదు. "బోనంటే పట్టి సంపెతందుకు. గిది ఇల్లు" అనేది. నాన్న నవ్వేవాడు: "కొండను తవ్వి ఎలుకను పట్టినోళ్లను సూసిన గని, మేడ కట్టి ఎలుకను పెట్టినోళ్లను సూడలే."

బడి నుంచి రాగానే వరండాలో నులకమంచం పక్కకెత్తి నిలబెట్టి, మిగతా వైపులకు పాత చీరలు చుట్టి, వాటికి ఆటస్థలం తయారు చేసేవాళ్లం. పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ వాళ్లు పారేసిన నీళ్ల పైపు ముక్కలు సొరంగాలు, చెప్పుల డబ్బాలకు కిటికీలు కోస్తే గదులు. అటుకు ఒక పైపులో దూరి ఇంకో పైపులోంచి మూతి బయట పెట్టి మీసాలు ఆడించేది. గవ్వకు ఆ ఆటలేవీ పట్టేవి కావు, తిన్నగా నాయనమ్మ ఒళ్లోకి పోయి కొంగుముడిలోని వక్కపలుకు కోసం వెతికేది. ఎండలు ముదిరితే వాటి ఇంటిమీద తడిగుడ్డ కప్పడం, బతుకమ్మనాడు మా విస్తరాకుల్లో వడ్డించకముందే నువ్వుల సద్ది రెండు మెతుకులు వేలికొసన వాటికి తినిపించడం, ఇవన్నీ ఆమె పనులే.

నాయనమ్మకు గల్లీలో ఒక పేరుండేది, మందులమ్మ అని. ఒక రేకుడబ్బాలో వాము, శొంఠి, వసకొమ్ము, కరక్కాయ పెట్టుకుని, అడిగిన వాళ్లందరికీ అరగదీసి ఇచ్చేది. ఆమె హస్తవాసి మంచిదని చెప్పుకునేవాళ్లు. ఓనరాంటీ తన మనవరాలిని తెచ్చి ఒళ్లో పడుకోబెట్టి, "మీ చెయ్యి పడితే చాలు పిన్నిగారూ, పిల్ల హాయిగా నిద్రపోతుంది" అనేది. ఊళ్లో పొలం, పశువులు, పదిమందిలో మాట అన్నీ వదులుకుని వచ్చిన మనిషికి పట్నంలో మిగిలిన మర్యాద ఆ చెయ్యి ఒక్కటే. అది నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఆ ఏడు ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. పొట్టు తడిసి ముక్కిపోయింది. గవ్వ తుమ్మడం మొదలుపెట్టింది, ఊయలెక్కడం మానేసింది. నాయనమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "సర్ది అయింది. గింత పానానికి నా మందు ఘాటైతది. మందుల దుకాణం కాడికి పోయి ఎలుకకు సర్ది అయిందని చెప్పి అడుగు బిడ్డా" అని పంపింది. మందుల దుకాణం పెద్దరోడ్డు అవతల. వానలో ఆ బస్సుల మధ్య రోడ్డు దాటడానికి బద్ధకించి, మా గల్లీ మూల మీది కిరాణా దుకాణంలోనే అడిగాను.

"ఎలుకకు మందు కావాలె అంకుల్."

"ఎన్నున్నయ్?"

"రెండు. ఎట్ల పెట్టాలె?"

"బెల్లంల కలిపి పెట్టమను."

"పొద్దటికి తక్కువైతదా?"

"పొద్దటికంతా సాఫ్" అంటూ ఒక చిన్న ప్యాకెట్ చేతిలో పెట్టాడు. దాని మీద ఎలుక బొమ్మ ఉంది. ఎలుక బొమ్మ ఉంటే అది ఎలుక మందే కదా అని సంబరపడ్డానే తప్ప కింద ఏం రాసుందో చూడలేదు. బడిలో చదువులో నేనే ఫస్టు, ఏం లాభం.

నాయనమ్మ కళ్లకు అప్పటికే పొరలొచ్చాయి. ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి, "మందుల దుకాణంలనే తెచ్చినవా?" అంది. "ఆఁ" అన్నాను. బెల్లంలో కలిపి గవ్వకు పెట్టింది. సర్ది అంటుకోకుండా అని అటుకుకు కూడా పెట్టింది.

పొద్దున లేచేసరికి రెండూ కొబ్బరిచిప్ప పక్కన ఒకదాన్నొకటి ఆనుకుని పడి ఉన్నాయి. నా ఏడుపుకు ఓనరాంటీ దిగి వచ్చి, చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి చదివింది. "ఇది ఎలకల్ని చంపే మందు కదా పిన్నిగారూ. ఎవరు తెచ్చారిది?"

నాయనమ్మ నావైపు ఒక్కసారి చూసింది. నేను తల దించుకున్నాను.

"నేనే తెచ్చిన. కండ్లు కనవడలే" అంది.

నాన్న అరవలేదు. "రేపు పిల్లలకు గిట్ల పెడితే ఏం కావాలె అమ్మా" అని మాత్రం అన్నాడు. రేకుడబ్బాను మా అమ్మ సజ్జ మీదికి ఎక్కించింది. వారం తర్వాత పైన పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, నాయనమ్మ అలవాటుగా మెట్ల దాకా పోయి పిలిచింది. "వద్దులెండి పిన్నిగారూ, డాక్టరుకి చూపించాం" అంది ఓనరాంటీ, మెత్తగానే. నాయనమ్మ తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆమెను మందడగడానికి గల్లీలో ఎవరూ రాలేదు. తంతారన్న భయంతో మొదలైన నా మౌనం, పోను పోను నోరు తెరవలేని సిగ్గుగా మారింది.

నేను ఇంటర్‌లో ఉండగా ఆమె మంచాన పడింది. ఒకరోజు కాళ్లు ఒత్తుతూ, "నాయనమ్మా, ఆ ఎలుకల ముచ్చట..." అన్నాను. "చిన్నపోరివి, నీకేం ఎరుక. ఊకో బిడ్డా" అని నా చెయ్యి నిమిరింది. అప్పుడైనా లేచిపోయి నాన్నకు చెప్పొచ్చు. చెప్పలేదు. నెల తిరక్కుండానే ఆమె పోయింది.

నిమ్మకాయలామెను బతిమాలి ఆ పెట్టె తెచ్చుకున్నాను. నాగోల్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో నాన్న దానికి జాలీ కొడుతున్నాడు, ఎనిమిదేళ్ల నా కూతురు మేకులు అందిస్తోంది. దానికీ తెల్ల ఎలుకలే కావాలట. కొడుతూ కొడుతూ నాన్న పాత కథ ఎత్తుకున్నాడు. మా ఇంట్లో అందరూ నవ్వుకునే కథ అది. "మా అమ్మ, మీ తాతమ్మ, ఎలుకకు సర్ది మందని ఎలుకలను సంపే మందే తెచ్చి పెట్టింది." నా కూతురు పకపకా నవ్వింది.

"తెచ్చింది నాయనమ్మ కాదు నాన్నా. నేను" అన్నాను.

రోడ్డు దాటని సంగతి, ఆడిన అబద్ధం అన్నీ చెప్పాను. నాన్న సుత్తి కింద పెట్టాడు.

"అయితే మా అమ్మ చెయ్యి మంచిదే ఉండె" అన్నాడు. సుత్తి మళ్లీ అందుకుంటూ, "గా ఓనరమ్మ ఏడున్నదో జర కనుక్కో బిడ్డా, చెప్పాలె" అన్నాడు.

పండ్ల మార్కెట్ అక్కణ్నుంచి వెళ్లిపోయింది. ఆ ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపారు. ఓనరాంటీ స్థలం అమ్ముకుని ఏ ఊరు వెళ్లిందో ఆ గల్లీలో చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ లేరు. అయినా కనుక్కుంటాననే అన్నాను.