ఒట్టేసి చెప్పలేనన్న అయ్యవారు

జాతర ఇంకా నెల ఉందనగా మా చరిత్ర అయ్యవారు పోయారు. కబురు తెలిసేసరికి నేను చిత్తూరు కోర్టు వరండాలో ఉన్నాను. ఆయన నా కేసు చెడగొట్టింది ఆ కోర్టులోనే. నల్లకోటు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చాను.

పాకాల దగ్గర మా ఊరికీ పక్క ఊరికీ ఒకే గంగమ్మ. జాతరలో ఎవరి పొంగలి ముందు పెట్టాలన్నది తగవు. పెద్దమనుషుల వల్ల కాక కోర్టుకెక్కింది. మా ఊరి వకీలును నేను. మొదటి పొంగలి ఏ ఊరిదో చెప్పే పాత శాసనం గుడి ముందుంది. అది చదివి, మా ఊరి చరిత్ర రాస్తున్నది అయ్యవారు. సొంత ఊరివాడు, పైగా నాకు చదువు చెప్పినవాడు. ఇంతకన్నా మంచి సాక్షి దొరకడని సంబరపడ్డాను.

బోనెక్కి, కళ్లద్దాలు పంచె అంచుతో తుడుచుకుని ఆయన అన్న మాట ఇదీ: "ఊరి పేరు ఉండే కాడ అచ్చరాలు అరిగిపోయినాయి సార్. మా ఊరిదే అని నాకూ ఆశ ఉండాది. ఒట్టేసి మాత్రం సెప్పలేను."

"అయితే పక్క ఊరిదేనా?" అన్నాడు అవతలి వకీలు.

"అదీ సెప్పలేనప్పా."

ఒక ఏడు వాళ్లు, ఒక ఏడు మేము అని తీర్పు వచ్చింది. రెండు ఊళ్లూ ఆయన మీదే విరుచుకుపడ్డాయి. ఆ ఏడు జాతరలో విస్తరాకు పట్టుకుని నిలబడితే ఇటువాళ్లూ వడ్డించలేదు, అటువాళ్లూ వడ్డించలేదు. ఖాళీ ఆకు మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. మళ్లీ ఏ జాతరకూ రాలేదు. పొంగలంటే ప్రాణం ఆ మనిషికి.

"ఒక్క మాట మనవైపు అనుంటే ఏం పోయేది అయ్యవారూ?" అని ఉక్రోషంగా అడిగాను. ఇంటి ముందు తిన్నె మీద జరిగి నాకు చోటిచ్చారు.

"కోర్టుకు ఏదో ఒకనాడు తీర్పు సెప్పక తప్పదబ్బా. సరిత్ర రాసేవాడికి ఆ తొందర యాడిది? తెలీకుంటే తెలీదని రాసిపెడితే, మన వెనకాల వచ్చేవాళ్లు ఎతుక్కుంటారు."

ఊరి చరిత్రలో తీర్పునూ రాశారు. దాని కిందే, మొదటి పొంగలి ఎవరిదో ఇంకా తెలియలేదనీ రాశారు. మొండిమనిషి. ఆయన దగ్గర చదువుకోవడం నా అదృష్టం.

మొన్న జాతరనాడు ఆయన భార్యను పలకరించడానికి వెళ్లాను. తిన్నె మీద ఆయన కూర్చునే చోట రెండు విస్తళ్లు. రెండింటిలోనూ పొంగలి, ఇంకా పొగలు వస్తున్నాయి. ఒకటి మా ఊరిది, ఒకటి వాళ్లది. ఏది ముందు వచ్చిందని ఆ అమ్మను అడగబోయి ఊరుకున్నాను.

నేను చూడలేదు. ఒట్టేసి చెప్పలేను.