ఏడో నంబరు ఇల్లు

ఎవరి చేతిలో వీధి పటం కనబడినా పెన్సిలు తీసి దిద్దనిదే ఔస్మా పిన్ని చెయ్యి ఊరుకోదు.

ఆవిడా, పనిలో ఆవిడ జోడీ వెల్టా పదకొండేళ్లు పరంజాల మీద నిలబడి, రీగా నగరంలో ఆర్ట్ నూవో అనే అలంకార శైలి మేడల మీది బొమ్మలకు రాలిపోయిన ముక్కులనూ చెవులనూ గచ్చుతో తిరిగి పోశారు. పని ముగిశాక గోడకు ఇత్తడి పలక బిగించారు. దాని మీద కట్టించిన షావుకారు పేరుంది, నమూనా గీసినాయన పేరుంది, రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి పేరు కూడా ఉంది. వీళ్లిద్దరి పేర్లే లేవు. పిన్ని పలకంతా చదివి, దాని మీది గచ్చు మరకను చేతిరుమాలుతో తుడిచి, ఇంటికెళ్లిపోయింది.

ఆవిడ పెన్సిలుతో చిక్కొచ్చి పడింది తాలిస్‌కి. ఎవరికి వారే తిరిగి చూసుకునేలా ఆరు ఇళ్లతో పటం అచ్చేసి ఆ మేడల వీధి మొదట్లో అమ్ముతాడతను. కొన్నవాళ్లు పదడుగులు వేసేలోపే పిన్ని ప్రత్యక్షమై, పక్క సందులో ఏడో ఇల్లు గీసేసేది.

"పిన్నీ, నా పటం పాడుచేయకు!"

"పాడు కాదురా, పూర్తి చేస్తున్నా."

"ఆ సందులో ఏముంది? బోడి గోడా, చెత్తడబ్బాలూ!"

"తలెత్తితే కదా తెలిసేది! చిల్లర డబ్బా తప్ప ఏం చూశావు నువ్వు?"

తల ఎత్తించడంలో ఆవిడకు మొహమాటం లేదు. మెడకు పట్టీ వల్ల తలెత్తలేని జర్మను పెద్దాయనను వీధి బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టింది. పైన నీలిపలకల మధ్య పురివిప్పిన నెమళ్లు, రెక్కల సింహాలు, చూరు కింద ఆకాశాన్ని కేకేస్తున్న రాతి ఆడవాళ్లు. ఎండ జరిగేసరికి ఆ పెదవులు కదిలినట్టే అయింది. పెద్దాయన గంటసేపు లేవనని మొరాయించాడు.

"ఏడోదే గొప్పదట, నీ పటంలో లేదేం?" అని కొత్తవాళ్లు నిలదీయడం మొదలయ్యేసరికి తాలిస్‌కి ఒళ్లు మండింది. ఒకరోజు పిన్ని పటానికొక తులిప్ పువ్వు చొప్పున చేతుల్లో పెట్టి, జనాన్ని ఆ సందులోకి తోలుతోంది. తాడో పేడో తేల్చుకుందామని అతనూ వెనకే వెళ్లాడు.

సందులో అందరూ మెడలెత్తి నోళ్లు తెరిచారు. ఆ బోడి గోడ మూడో అంతస్తు కిటికీలో ఒక ముసలావిడ. పక్కకు తిరిగిన ముక్కు, కొంటె పెదవి. ఆరేళ్లుగా తాలిస్ దుకాణం పైనున్న మేడ మీంచి చూస్తున్న గచ్చు ముఖం అదే! ఆ ముఖం పోత పోసేందుకు పోలిక కోసం ఔస్మా ముందు కూర్చున్న వెల్టాయే ఆవిడ. మోకాళ్లు పడిపోయి రెండేళ్లుగా మెట్లు దిగలేదు. ఈవేళ ఆవిడ పేరు పండుగ, అంటే అక్కడి క్యాలెండరులో ఆ పేరుకు కేటాయించిన రోజు. దానికి పిలుపులుండవు, గుర్తున్నవాళ్లే పూలు పట్టుకొస్తారు. గుర్తున్నది ఔస్మా ఒక్కర్తికే.

కిటికీలోంచి పాత గచ్చుబక్కెట తాడుతో కిందికి దిగింది. అందరూ వేసిన పూలతో పైకెళ్లింది.

"ఒసేయ్ ఔస్మా, పన్నెండున్నాయే! నన్నప్పుడే పాతిపెడతారా?" అంది వెల్టా. ఆ ఊళ్లో సరి లెక్క పూలు సమాధులకే కదా!

పిన్ని తాలిస్ కేసి తిరిగింది. "ఏరా, తిట్టడానికొచ్చావా, పువ్వు పట్టుకొచ్చావా?"

తాలిస్ పూలకొట్టుకు పరిగెత్తాడు. పదమూడోది తెచ్చి, మళ్లీ దిగిన బక్కెటలో వేశాడు. తర్వాత అచ్చేసిన పటంలో ఏడు ఇళ్లున్నాయి, కింద ఔస్మా, వెల్టా అని రెండు పేర్లున్నాయి.

మీ ఊళ్లోనూ ఏ మేడో గోపురమో తల తిప్పుకోనివ్వకపోతే, తనివితీరా చూడండి. చూశాక, చేసిన చేతులెవరివో అడగండి. పలక మీద ఆ పేర్లు లేకపోతే మీరే రాయండి, పెన్సిలు చాలు.