రాయి అన్నదెవరు?

మిస్డ్ కాల్ ఇవ్వడమే పెద్ద మర్యాదగా చెల్లిన ఆ రోజుల్లో, మా నల్లంపల్లి ఇళ్లలో తెగని తగాదా ఏదైనా చివరికి వత్తల్‌మలై కొండ మీద బండగా వెలిసిన అమ్మవారి దగ్గరికే చేరేది. నేను ఎనిమిదో తరగతితోనే చదువు ముగించినవాణ్ణి. (హెడ్‌మాస్టరు గొంతుతో మైకులో సెలవు ప్రకటించాను. బడంతా ఇంటికి పోయింది. మర్నాడు నేను తప్ప అందరూ తిరిగొచ్చారు.) అప్పట్నుంచి హైవే పక్కన పంక్చర్ షాపులో పని. ఇంట్లో నా పేరు రేడియో.

మా పెదనాయన కూతురు, నాకు అక్క, బీకాం ముగించి ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాసింది. సీటు కొద్దిలో తప్పిపోయింది. మళ్లీ రాస్తానని పట్టుబట్టింది. "ఒకసారి ఓడిన కోడిని మళ్లా బరిలోకి దించుతారా?" అని పెదనాయన. అప్లికేషన్ గడువు ఇక మూడు రోజులే. చివరికి ఆయనే అన్నాడు: "అమ్మను వాక్కు అడుగుదాము. ఆయమ్మ ఏమంటే అదే."

వాక్కు అంటే, కొండమీది బండ ముందు కర్పూరం వెలిగించి కళ్లు మూసుకోవాలి. ఆపైన చెవిన పడే మొదటి మాట, అన్నది ఎవరైనా సరే, అమ్మ మాటే. (దారిన పోయేవాడు ఎవరితోనో ‘వద్దు’ అన్న పాపానికి తప్పిపోయిన పెళ్లి సంబంధాలు మా ఊళ్లో ఉన్నాయి.)

ఆ సాయంత్రమే అక్క షాపుకొచ్చింది. "రేయ్ రేడియో, బండ వెనకాల దాక్కోని ముసలామె గొంతుతో ‘రాయి’ అను. ఒక్కసారే. ఎక్కువ చేసినావో, చంపేస్తా."

"అమ్మ గొంతు ఎట్లుంటుందో నాకేమి తెలుసక్కా?"

"మా నాయనకు మాత్రం తెలుసా?"

మర్నాడు మిట్టమధ్యాహ్నం అక్కా పెదనాయనల కంటే ముందే కొండెక్కి బండ వెనక నక్కాను. నా వెనక అడుగు దూరంలో లోయ. చూస్తుండగానే దాంట్లోంచి మంచు పైకి పాకి నా కాళ్లను మింగేసింది. అంతవరకూ అరుస్తున్న పిట్టలు ఒక్కసారిగా, ఎవరో నోరు మూసినట్టు, ఆగిపోయాయి. బండ చల్లగా ఉంది. కానీ మెడ మీద వెచ్చగా ఏదో తగులుతోంది, ఎవరో ఊపిరి వదులుతున్నట్టు. పచ్చి పసుపు వాసన. అటువైపు కర్పూరం వెలిగిన చప్పుడు కూడా వినిపించింది. ఇదే సమయమని నోరు తెరిచాను.

"రాయి."

నా చెవి పక్కనే. బొంగురు గొంతు. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. దాంట్లోంచి గాలి కూడా రాలేదు.

"రాయంటుంది! అమ్మకు రాయి కావాలంట!" అన్నాడు పెదనాయన.

"రాయిగాదు నాయనా, పరీక్ష రాయమంటుంది!"

"నీకు కావాల్సింది నీకు వినపడుతుందిలే!"

"మళ్లా రాయి," అంది ఆ గొంతు, ఈసారి కాస్త విసుగ్గా. తిరిగి చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

అటువైపు చెంపలు వేసుకుంటున్న చప్పుడు. తర్వాత పెదనాయన సన్నగా, "రెండు రాళ్లా తల్లీ... సరే, పరీక్షా రాయిస్తాములే," అన్నాడు. (ఆయన పరిచిన ఆ రెండు రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి.)

పరీక్షకు పోయే రోజు ధర్మపురి బస్టాండులో అక్క మొహం పాలిపోయింది. "అమ్మ పేరు చెప్పి దొంగమాట పలికించినాను రా. ఆ పాపం తగిలి ఈసారీ పోతే?"

"అక్కా, ఆ మాట నేను అనలేదు. ఒట్టు."

నా మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది. "చాలు పోరా! ఆ రెండోది మాత్రం అదరగొట్టినావు," అంటూ, అదే నవ్వుతో బస్సెక్కింది. ఆ నవ్వుతోనే రాసిందేమో, సీటొచ్చింది.

పుట్టిన దగ్గర్నుంచి నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన మనిషి, చెప్పిన ఒకే ఒక్క నిజానికి నవ్వింది. ఆ బస్సు వెనక చెయ్యూపుతూ నిలబడ్డ పదిహేడేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే, పాపం, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.