ఏడు చుక్కల బిళ్ళలు

కొత్త చింతపండు దిగగానే ఏడాదికి సరిపడా తెప్పించి, వరండాలో చాప వేసుకుని పిక్కలు తీయడం నాకు అలవాటు. పిక్క తీసిన పండు ప్యాకెట్లలో దొరుకుతుంటే ఈ వయసులో మీకీ చాకిరీ ఎందుకని మా కోడలు ఏటా అడుగుతుంది, నేను ఏటా విననట్టు నటిస్తాను. మొన్న ఒక పిక్క గుజ్జుతో సహా బొటనవేలికి అతుక్కుంది. విదిలించినా ఊడలేదు. ఆ జిగురు తగలగానే యాభై ఏళ్ళనాటి సిగ్గు మళ్ళీ ముఖంలోకి వచ్చింది. దాని వెనకే సత్తెమ్మక్క కూడా వచ్చింది.

డెబ్భైల మొదట్లో, పెళ్ళయిన రెండో నెలలో, గుంటూరు వైపు నుంచి పటాన్‌చెరు దగ్గరి కార్ఖానా క్వార్టర్లకు కాపురానికి వచ్చాను. మా ఆయన పొద్దున సైరన్‌కు వెళితే సాయంత్రం సైరన్‌కు వచ్చేవారు. మధ్యలో నాకు మాట్లాడే దిక్కు లేదు. పక్క క్వార్టరు సత్తెమ్మక్కది. వెలిమెల కుమ్మరి వారి ఆడపడుచు. ఆమె భర్త కార్ఖానాలో ఇనుము పోతపోసే చోట పనిచేసేవాడు. అక్క నలభై దాటిన మనిషి, పొడుగ్గా, బక్కగా ఉండేది. నేను వచ్చిన మూడో రోజునే గోడ మీంచి తొంగిచూసి, "ఒక్కదానివే కూసోని ఏం జేస్తవు చెల్లె? పత్తాలాట వస్తదా?" అని అడిగింది. మా వైపు ఆడది పేక ముట్టుకుంటే కొంప గుల్లేనంటారు. అయినా వస్తుందని అబద్ధం చెప్పాను.

మధ్యాహ్నం అంట్లపని అయ్యాక ఆట. మొత్తం నలుగురం. సత్తెమ్మక్క, క్రేన్ డ్రైవర్ గారి భార్య హమీదా, కాకినాడ నుంచి వచ్చిన జానకమ్మ గారు, నేను. పైసలతో ఆడేవాళ్ళం కాదు. తలా ముప్పై చింతపిక్కలు పంచుకుని, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు ఇచ్చుకునేవాళ్ళం. దానికొక కట్టుబాటు ఉండేది. పిక్కలు అయిపోయిన మనిషి లేచి వంటింట్లోకి వెళ్ళి అందరికీ చాయ్ పెట్టాలి, ఆ రోజుకు మళ్ళీ ఆటలో కూర్చోకూడదు. నాకు పదమూడు ముక్కలు చేతిలో విప్పి పట్టుకోవడమే రాదు. అరగంటలో పిక్కలన్నీ పోగొట్టుకుని, ఎవరి వంటింట్లోనో స్టవ్ ముందు నిలబడి, బయట వాళ్ళ నవ్వులు వింటూ ఉండేదాన్ని. అలా ఇరవై రోజులు చాయ్ పెట్టాను. నీ చేతి చాయ్ బాగుంటుందమ్మా అని జానకమ్మ గారు మెచ్చుకుంటే ఒళ్ళు మండేది.

ఇరవయ్యొకటో రోజు, చారుకు పిసికిన చింతపండులోంచి పదకొండు పిక్కలు ఏరి కొంగున ముడి వేసుకుని వెళ్ళాను. దొంగతనమని అనుకోలేదు. ఇంకో గంట వాళ్ళ మధ్య కూర్చుంటే చాలనుకున్నాను. కూర్చున్నాను కూడా. ఆ రోజు చాయ్ హమీదా పెట్టింది. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆట ముగిశాక జానకమ్మ గారు పిక్కలు డబ్బాలో వేస్తూ లెక్కపెట్టారు. ఆవిడకు ఆ జబ్బు ఉందని నాకు తెలియదు. "నూట ఇరవై ఉండాలి. నూట ముప్పై ఒకటి వచ్చాయేమిటి?" అన్నారు. మళ్ళీ లెక్కపెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "మేం మూడేళ్ళుగా ఆడుతున్నాం, ఎప్పుడూ ఇలా కాలేదు. కొత్తగా వచ్చింది నువ్వే" అన్నారు. ఆ మాట నాలుగు క్వార్టర్లు దాటితే మా ఆయన తలెత్తుకోలేరు, నాకింక ఆ కాలనీలో గడప తొక్కే ఇల్లుండదు.

సత్తెమ్మక్క డబ్బా లాక్కుంది. "అందరిండ్లల్ల చింతపండున్నది. లెక్కకు పిక్కలు వెట్టుకున్న మనదే తప్పు. నేను గివి కడిగి దాస్త. ఇగ మట్టి బిళ్ళలు జేసుకుందాం, గవి ఎవరింట్ల దొరకవు" అంది. నా వైపు చూసి, "నువ్వు రేపు రా చెల్లె. నాకు చెయ్యి సాయం గావాలె" అంది, అంతే.

ఆమె పుట్టింటి నుంచి రెండు గోనెల చెరువు మట్టి వచ్చింది. నానబెట్టి, పల్చగా కలిపి, పాత చీరగుడ్డలో రెండుసార్లు వడపోయాలి. "ఈడి మట్టిల సున్నపు పలుకులుంటయి. ఒక్కటి ఉన్నా కొంపముంచుతది" అని చెప్పి ఆ పని నాకు అప్పగించింది. మూడు బకెట్లు ఆమె చెప్పినట్టే చేశాను. నాలుగో దానికి సైరన్ వేళ అవుతోంది, మా ఆయన వచ్చేస్తారు. చేత్తో నాలుగు రాళ్ళు ఏరేసి, గుడ్డలో పోయకుండానే తొట్టిలో కలిపేశాను. మెత్తగానే ఉంది కదా అనుకున్నాను.

మట్టి బిగిశాక పిసికి, అప్పడాల కర్రతో ఒత్తి, మందు డబ్బా మూతతో నూట ఇరవై బిళ్ళలు కోశాం. వాటి మీద ముద్రకు సత్తెమ్మక్క తన పాత చెవికమ్మ తెచ్చింది. జత పోయి, రాళ్ళన్నీ ఊడి ఏడు గుంటలు మిగిలిన కమ్మ. దాన్ని ఒత్తితే బిళ్ళ మీద ఏడు చుక్కల పువ్వు లేచేది. అన్నీ ఎండలో పెడతానంటే కసిరింది. "ఎండల వెడితే వంకర వోతయి. నీడకు వెట్టి, అప్పడాల లెక్క తిరగేస్తుండు. మట్టికి జల్దీ పనికిరాదు." అయిదు రోజులు తిరగేశాను. తర్వాత పెరట్లో పిడకలూ ఊకా పేర్చి కాల్చాం. పైవి ఎర్రగా వచ్చాయి, ఊకలో కూరుకుపోయినవి నల్లగా నిగనిగలాడాయి. నల్లవి నాకంటే నాకని హమీదా, జానకమ్మ గారు చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు. చేతిలో కలిపితే ఆ బిళ్ళలు చేసే చప్పుడు ఎంత బాగుండేదో.

రెండు వారాలు బాగానే గడిచాయి. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, దుప్పటి మీద ఉన్న బిళ్ళ ఒకటి టిక్కుమని పెచ్చు ఎగరగొట్టింది. చూస్తుండగానే ఇంకొకటి. బిళ్ళలు దాచే రేకుపెట్టెలో చూస్తే అలాంటివి పాతిక దాకా ఉన్నాయి. పెచ్చు లేచిన ప్రతిచోటా తెల్లటి సున్నపు చుక్క. చెమ్మ తగిలి ఆ పలుకులు పొంగాయి.

జానకమ్మ గారు ముక్కలు ఏరుతూ, "కుమ్మరి వారి ఆడపడుచువి, నీకు మట్టి చూసుకోవడం తెలియలేదా సత్తెమ్మా?" అన్నారు. సత్తెమ్మక్క తన చేతిలోని పేకముక్కలు సర్దుకుంటూ ఉండిపోయింది. మట్టిని వడపోసింది తను కాదని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పిక్కలనాడు నన్ను కాచిన మనిషి నా తప్పుకు మాట పడుతుంటే ఇంక కూర్చోలేకపోయాను.

"మట్టి వడపోసింది నేను. ఆఖరి బకెట్ గుడ్డలో పోయలేదు. అక్క చెప్పింది, నేనే వినలేదు" అన్నాను. హమీదా నవ్వేసి, "అరే, గింతదానికి పరేషానెందుకు? మల్ల జేస్కుందాం" అంది. జానకమ్మ గారు కూడా, "ముందే చెప్పొద్దుటమ్మా" అని ఊరుకున్నారు. తప్పు ఒప్పుకుంటే ఇంత తేలిగ్గా పోతుందని నాకు అంతవరకూ తెలియదు. ఆ ఊపులో, "ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు పిక్కలు..." అని మొదలుపెట్టాను.

సత్తెమ్మక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇయ్యాల్టికి గిదొక్కటి చాలు. ముక్క దియ్యి, నీ వంతే" అంది.

పోయినవాటికి బదులు మళ్ళీ చేశాం. ఈసారి నేను మూడుసార్లు వడపోశాను. అన్నీ కాలాక ఆమె బిళ్ళల రేకుపెట్టె నా చేతిలో పెట్టింది. దాని మీద ఆ కమ్మ కూడా పెట్టి, "గిది గూడ నీ దగ్గర్నే ఉండనీ" అంది. ఆ ముద్ర ఉంటే నేను ఎన్ని బిళ్ళలైనా చేసుకోగలను. చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకెందుకక్కా? ఆ పిక్కల సంగతి నీకు తెలుసు కదా" అన్నాను.

"పిక్కలు కడిగింది నేనే గద చెల్లె. పదకొండింటికి గుజ్జు ఇంక ఎండలే" అంది. "చాయ్ వెట్టి వెట్టి పరేషానైనవని నాక్కూడ అప్పటికి సోయి రాలే. అగో, గది నా తప్పు."

మర్నాటి నుంచి ఓడినవాళ్ళు చాయ్ పెట్టే పద్ధతి తీసేసి, వంతులు వేసింది.

తర్వాత సంగారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్‌కు చాలాకాలం వార్డెన్‌గా ఉన్నాను. సామాన్ల గదిలో బెల్లం తీసిన పిల్ల దొరికితే ఆ గది తాళాలు ఆ పిల్లకే ఇచ్చేదాన్ని. మీకు మతి పోయిందా అనేవారు తోటివాళ్ళు. ఒక పిల్ల తాళాలతో సహా సగం బస్తా పంచదార మాయం చేసింది, అది కూడా ఒప్పుకోవాలి. మిగతా పిల్లలు తాళాలు పట్టుకుని నడిచిన నడక చూశాను కాబట్టి ఆ పంచదార గురించి నాకు బాధ లేదు.

కార్ఖానా ఉద్యోగాలు ముగిసి నలుగురం నాలుగు దిక్కులయ్యాం. సత్తెమ్మక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు చేతులెత్తి దండం పెట్టడం తప్ప నేనేమీ ఇచ్చుకోలేదు. పెట్టె నా దగ్గరే ఉండిపోయింది, కమ్మ కూడా. మొన్న చింతపండు పని అయ్యాక చేతులు కడుక్కుని, ఆ పెట్టె దించి బిళ్ళలు చాప మీద పోసి లెక్కపెట్టాను. నూట ఇరవై. ఏటా అంతే ఉంటాయి.