కదలొద్దు మేడమ్

ఆస్పత్రి వెనక భవనంలో, మెట్లు దిగి వెళ్ళే అంతస్తులో, మెదడుకు స్కానింగ్ తీసే గది ఒకటుంది. అక్కడ పనిచేసే శాస్త్రవేత్తకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంటే, ఆస్పత్రి పెట్టిన పేరు ఇంకొకటి. కదలొద్దు మేడమ్. ఎందుకంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ నోటివెంట వచ్చే మాట అదే. "కళ్ళు మూసుకోండి, ఊపిరి మామూలుగా తీసుకోండి, కదలొద్దు." క్యాంటీన్‌లో టీ పోసే మనిషి కూడా గ్లాసు అందిస్తూ, "కదలొద్దు మేడమ్, ఒలుకుతుంది" అనేవాడు. ఆవిడా నవ్వేసేది. కోపం తెచ్చుకోవడానికి తీరిక ఉంటేగా.

మనసు జబ్బులున్నవాళ్ళ మెదళ్ళనూ, లేనివాళ్ళ మెదళ్ళనూ ఒకే యంత్రంలో బొమ్మ తీసి, రెండింటికీ తేడా ఏమైనా ఉందా అని చూడటం ఆవిడ పని. మెదడు పైన తొక్కలా ఒక బూడిదరంగు పొర ఉంటుంది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళలో, అంటే లేని గొంతులు వినబడేవాళ్ళలో, ఆ పొర కొన్నిచోట్ల పల్చగా ఉంటోందని ఆవిడ బృందం తేల్చింది. తేడా అంటే ఎంతో కాదు, వెంట్రుక మందం. వందలమంది బొమ్మలు తీసి సగటు కడితే తప్ప బయటపడదు. ఒక్క మనిషి బొమ్మ చూసి ఇతనికి జబ్బుందనో లేదనో చెప్పడం ఎవరి తరమూ కాదు. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ఆవిడ మొదటిరోజే ఈ ముక్క నూరిపోసేది.

అంత తెలిసిన మనిషి ఇంట్లో ఏం చేసిందో చూడండి.

ఆవిడకు ఒక తమ్ముడు. కాలేజీ చదువు చివర్లో అతనికి గొంతులు వినబడటం మొదలైంది. మందులు కుదిరేసరికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ చుట్టాలు తల్లిని ఆడిపోసుకున్నారు. గారం చేసి చెడగొట్టిందని ఒకరు, కాదు కాదు, కసిరి కసిరి బెదరగొట్టిందని ఇంకొకరు. ఒకే తల్లి రెండూ ఎలా చేస్తుందయ్యా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. తల్లి మాత్రం రెండూ నమ్మింది. వంటింట్లో గిన్నెలు తోముతూ, "వాణ్ణి ఆ రోజు అన్నేసి మాటలు అనకుండా ఉండాల్సింది" అని తనలో తను గొణుక్కునేది.

పరిశోధన మొదలైన కొత్తల్లో తమ్ముడు తనంతట తానే వచ్చి, "నా తల కూడా తీసుకోండి, ఎవరికో పనికొస్తే మంచిదేగా" అన్నాడు. సొంత మనిషి గనక స్కానింగ్ ఆవిడ సహోద్యోగి చేశాడు. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చినట్టే అతనికీ ఒక బొమ్మ అచ్చువేసి చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం తల్లి ఆ బొమ్మను భోజనాల బల్ల మీద పెట్టుకుని, తిప్పి తిప్పి చూసింది.

"జబ్బు ఇందులో కనబడుతుందామ్మా?" అని కూతుర్ని అడిగింది.

ఆవిడ తల్లి మొహం చూసింది. చూడకుండా ఉన్నా బాగుండేది. చదివిన చదువంతా గాలికొదిలేసి, బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ పల్చగా ఉందే, ఇదే. వీడి మెదడే ఇంత. నీ పెంపకానికీ దీనికీ ఏ సంబంధం లేదు."

తల్లి భోరున ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఎన్నాళ్ళకో కడుపునిండా భోంచేసింది. మర్నాడే బొమ్మకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఏ చుట్టమైనా పెంపకం మాట ఎత్తితే చాలు, వేలు అటు చూపించేది. మెదడు గురించి వాళ్ళకు మాత్రం ఏం తెలుసు? నోరు మూసుకుని కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో గొణుగుడు ఆగిపోయింది. ఆవిడకు అంతకంటే ఏం కావాలి?

తమ్ముడు ఆ బొమ్మ మీద జోకులు వేసేవాడు. స్టౌ వెలిగించమంటే, "నా బుర్రలో సరుకు తక్కువ, అక్క ఫొటో పెట్టి మరీ చూపించింది" అనేవాడు. బండి నేర్చుకోమన్నా అదే మాట. వీధి చివర పుస్తకాలు బైండింగు చేసే ఆయన పనిలోకి రమ్మన్నా అదే మాట. ఇంటి తాళంచెవి సైతం దగ్గర ఉంచుకోడు, పారేస్తానంటాడు. అందరూ నవ్వేవాళ్ళు. అతని నోట జోకు వినడమే గొప్పగా ఉండేది మరి.

అలా ఆవిడ జుట్టు నెరిసింది, యంత్రాలు మారాయి. ఒకరోజు అద్దం ఇవతల కూర్చుని లోపలికి చూస్తుంటే, యంత్రంలో పడుకున్న రోగి కాలివేళ్ళు ఆడుతూ కనిపించాయి. కొన్ని మందులు వేసుకుంటే ఒళ్ళు ఒకచోట కుదురుగా ఉండదు. కొందరికి ఆ సొరంగం లాంటి గొట్టం అంటేనే భయం. బాగా చెదిరిపోయిన బొమ్మల్ని వాళ్ళు ఎప్పుడూ పారేసేవాళ్ళు. మరి కంటికి ఆననంత కొంచెం కదిలితే? ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అడగాలని తోచనందుకు ఆవిడ తన నెత్తిన తనే మొట్టుకుంది.

వెంటనే తనే వెళ్ళి యంత్రంలో పడుకుంది. మొదటిసారి బొమ్మలా కదలకుండా ఉంది. రెండోసారి కావాలని గడ్డం కొద్దిగా ఆడిస్తూ ఉంది. రెండు బొమ్మల్నీ కంప్యూటరుకు ఇచ్చారు. కదిలితే పొర అంచు మసకబారుతుంది, మసకబారిన ఆ అంచును కంప్యూటరు పొర కింద లెక్కగట్టదు. రెండో బొమ్మలో ఆవిడ మెదడు పల్చబడింది. తమ్ముడి బొమ్మలో తాను వేలుపెట్టి చూపించిన చోట కూడా.

"పావుగంటలో ఎంత చిక్కిపోయారు మేడమ్" అన్నాడు టెక్నీషియన్.

ఆవిడకు నవ్వు రాలేదు. పాత బొమ్మలన్నీ తిరగేసి, కదలికకు తగ్గట్టు సవరించి చూస్తే, ఎంతో గొప్పగా చెప్పుకున్న తేడాలో సగానికి సగం ఎగిరిపోయింది. జబ్బు నిజమే. బాధ నిజమే. బొమ్మల్లో కనిపించిన దాంట్లో మాత్రం చాలాభాగం ఉత్త వణుకు. తప్పు ఒప్పుకుంటూ పరిశోధన పత్రికకు రాసి పంపింది. ఆ పని తేలికగానే అయింది. ఆవిడ విభాగానికి పెద్దాయన కూడా, "మనమొక్కళ్ళమేనా, ఎంతమంది ఇలాగే లెక్కేశారో" అని సర్దిచెప్పాడు.

ఇంట్లో చెప్పడం దగ్గరే వచ్చింది చిక్కంతా. చెబితే తల్లి మళ్ళీ ఆ పాత నరకంలో పడుతుంది. చెప్పకపోతే ఆ అబద్ధం హాల్లో అలాగే వేలాడుతుంది. పని ఉందని ఆలస్యంగా వచ్చేది, తలనొప్పని తొందరగా భోజనం ముగించి లేచేది. చివరికి ఒక ఆదివారం, ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు, ఇక నీళ్ళు నమిలి లాభం లేదనుకుని మొత్తం చెప్పేసింది. గడ్డం ఆడించిన సంగతితో సహా.

తల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అయితే మళ్ళీ నా పెంపకమేనంటావా?"

"కాదమ్మా. వేలకొద్దీ కుటుంబాల్ని చూసి తేల్చిన మాట అది. దానికి ఫొటోతో పనిలేదు."

"ఫొటో చూపించినప్పుడు కూడా ఇంత గట్టిగానే చెప్పావు."

"అప్పుడు చూపించింది తప్పు. నీ తప్పు లేదన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే."

"మరి వీడికి ఎందుకొచ్చిందే?"

"తెలీదమ్మా. పూర్తిగా ఎవరికీ తెలీదు."

తల్లి గరిటెతో కూతురి కంచంలో కూర వేసింది. "తెలీదన్న మాట మొదటే చెప్పాల్సింది. ఏడ్చేదాన్ని, కానీ తట్టుకునేదాన్నే" అంది. గొంతులో కోపం లేదు. కూతురి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. తల్లి తట్టుకుంది, ఇక భయం లేదనుకుంది.

అప్పుడు తమ్ముడు అడిగాడు. "అయితే నాది పల్చన కాదా?"

"ఏమోరా. ఆ బొమ్మ చూసి చెప్పలేం. నువ్వు కదిలి ఉంటావు."

"కదిలాను. ఆ గొట్టంలో ఊపిరాడలేదు. ఆపమంటే నీకు చెడ్డపేరొస్తుందని ఓర్చుకున్నా." అతను కంచం పక్కకు జరిపాడు. "ఒక్కడి ఫొటో చూసి ఏమీ చెప్పలేమని నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

అబద్ధం చెప్పే ఓపిక ఇక ఆవిడకు లేదు. "మొదటినుంచీ తెలుసురా. అమ్మ బాధ చూడలేక అలా చెప్పాను."

అతను తలూపాడు. అరవలేదు, లేచి వెళ్ళిపోలేదు.

"అమ్మకు చెప్పావు, సరే. అప్పుడు నేనూ ఇక్కడే కూర్చుని ఉన్నాను కదక్కా" అన్నాడు.

ఆవిడ లేచి వెళ్ళి, తమ్ముడి పక్కన కూర్చుంది.